లంబసింగి మంచులో రెండు తాళాలు

ఆదివారం పదకొండు గంటలకి నర్సీపట్నంలో కారు అమ్మేయాలి. అడ్వాన్సు తీసుకున్నాం. మిగతా డబ్బు చేతికొస్తే సోమవారం తమ్ముడి కాలేజీ ఫీజు కట్టాలి. అదే ఆఖరి తేదీ.

అదే ఆదివారం పొద్దున్న ఏడుంపావుకి నేను లంబసింగిలో, మంచులో, స్టార్టవ్వని ఆ కారు పక్కన నిలబడి ఉన్నాను. ముందు సీట్లో నాన్న. వెనక అమ్మ. బయట చేతులు రుద్దుకుంటూ తమ్ముడు. చుట్టూ సెల్ఫీలు తీసుకుంటున్న జనం.

"ఆంధ్రా కశ్మీర్" అని రీల్స్‌లో చూసే ఉంటారు. ఆ పొద్దు నేను చూసిన కశ్మీర్ మాత్రం డ్యాష్‌బోర్డు మీద ఆగకుండా కొట్టుకుంటున్న ఓ చిన్న ఎర్ర లైటు.

ఆఖరి ట్రిప్పు

ముందు ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి.

నాన్న మెడికల్ రెప్రజెంటేటివ్. నర్సీపట్నం, చింతపల్లి, గూడెం కొత్తవీధి, పాడేరు... ఇరవై ఆరేళ్లు ఇదే ఆయన రూటు. మొదట్లో బస్సులు, జీపులు. తర్వాత బండి. 2012లో ఈ చిన్న కారు కొన్నారు. ఈ ఘాట్ రోడ్లలో ఏ మలుపు దగ్గర హారన్ కొట్టాలో, ఏ హోటల్లో ఇడ్లీ వేడిగా దొరుకుతుందో ఆయనకి నోటి లెక్క. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఈ కారులోనే.

ఏడాదిన్నర కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పూర్తిగా స్వాధీనంలో లేవు. మాట కూడా దెబ్బతింది. ఏం చెప్పాలో లోపల తెలుస్తుంది, నోట్లోంచి మాట రాదు. ఒక్క మాట బయటికి రావడానికి ఒక్కోసారి నిమిషం పడుతుంది. ఈలోపు మేమే తొందరపడి, "నీళ్లా? బాత్రూమా? ఫ్యానా?" అని వరసపెట్టి అడిగేస్తాం. ఆయన విసుగొచ్చి ఊరుకుంటారు. మా ఇంట్లో ఇది రోజూ జరిగేదే.

కారు అమ్ముదామని అనుకున్నప్పుడు ఆయన కాదనలేదు. తల ఊపారంతే. తర్వాత రెండు రోజులకి, అన్నం తింటూ, చాలాసేపు పెనుగులాడి ఒక మాట అన్నారు.

"లం... లంబసింగి."

కొనేవాళ్లది ఎలాగూ నర్సీపట్నమే. మేం విశాఖ నుంచి ముందురోజే వెళ్లి, పిన్ని వాళ్లింట్లో పడుకుని, తెల్లవారుజామున కొండెక్కి, పొద్దు చూసుకుని, పది గంటలకల్లా దిగిపోదామని ప్లాన్. చలి ఎక్కువసేపు తగలకుండా చూసుకోండని డాక్టరుగారు చెప్పారు. అందుకని రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు, దుప్పటి. నాన్నని మూట కట్టినట్టే కట్టాం.

శనివారం రాత్రి కొనేవాయన ఫోన్ చేశాడు. "అమ్మా, రెండో కీ తెచ్చారు కదా? రెండూ ఉంటేనే బేరం."

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఈ మాట అడగడం మామూలే. రెండో కీ ఎక్కడో తిరుగుతుంటే కారుకి కాపలా లేనట్టే. పైగా కారు దొంగతనానికి గురైతే ఇన్సూరెన్స్ వాళ్లు మామూలుగా రెండు ఒరిజినల్ తాళాలూ చూపించమంటారు. అందుకని ఆయన అడగడంలో తప్పులేదు.

రెండో కీ తెచ్చాను. నాన్న దాన్ని ఎప్పుడూ బీరువాలో, పాత కళ్లజోడు డబ్బాలో విడిగా పెట్టేవారు. "ఇది పొద్దున్న హడావుడిలో ఎక్కడ మర్చిపోతానో" అనుకుని, బ్యాగులోంచి తీసి, మొదటి కీ ఉన్న రింగుకే తగిలించేశాను.

ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

కొయ్యలా బిగుసుకుపోయే చోటు

నాలుగున్నరకి బయల్దేరాం. కారు మొదటిసారి అవ్వలేదు. రెండోసారి అయింది. చలికి లే అనుకున్నాను.

నర్సీపట్నం నుంచి లంబసింగి ముప్పై కిలోమీటర్ల చిల్లర. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. అక్కడిదాకా మామూలు చలికాలం. ఘాట్‌లో నాలుగు మలుపులు తిరిగేసరికి గాలి మారిపోతుంది. అద్దాల మీద ఆవిరి. హెడ్‌లైట్ల ముందు దూది విదిల్చినట్టు మంచు. ముందు బండి వెనక లైట్లే దారి.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. చుట్టూ ఇంకా ఎత్తైన కొండలు. రాత్రిపూట చల్లటి గాలి బరువెక్కి కొండల మీంచి కిందికి జారి, ఈ లోయల్లో నిలవుంటుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది. కొన్ని రోజులు సున్నా దగ్గరికీ వెళ్తుంది. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. కొర్ర అంటే కొయ్య. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందట.

చాలామంది ఇక్కడి నుంచి చెరువులవేనం వ్యూపాయింటుకి వెళ్తారు. కింద లోయంతా మేఘాలు నిండి, కొండ కొనలు మాత్రం దీవుల్లా పైకి తేలుతూ కనిపిస్తాయి. మీ ఫీడ్‌లో మీరు చూసే వీడియోల్లో చాలావరకు అక్కడివే. నాన్నని అంత జనంలో ఎక్కించడం కుదరదు. అందుకని లంబసింగి దాటి, తాజంగి వైపు కొంచెం ముందుకెళ్లి, రోడ్డు పక్కన లోయ కనిపించే చోట ఆపాం. పక్కనే చిన్న టీ బడ్డీ. చలిమంట. ఇంకో నాలుగైదు బండ్లు.

ఆరున్నరకి తెల్లారింది. ముందు బూడిద రంగు. తర్వాత కొండల వెనక నుంచి నారింజ రంగు. కింద మంచు నెమ్మదిగా కదులుతోంది. అది పల్చబడిన చోటల్లా సిల్వర్ ఓక్ చెట్ల కొసలు పైకొస్తున్నాయి. ఆ చెట్ల కింద కాఫీ మొక్కలు, చెట్లని చుట్టుకుని మిరియాల తీగలు. ఇంకో పక్క చిన్న స్ట్రాబెర్రీ తోట.

నాన్న కారు దిగనన్నారు. అద్దం దించమన్నారు. ఎడం చేత్తో గ్లాసు పట్టుకుని టీ తాగారు. తర్వాత ఆ చెయ్యే ఎత్తి, చింతపల్లి వైపు చూపించారు.

నాకు తెలుసు ఆయన ఏం చెప్పాలనుకున్నారో. చిన్నప్పుడు ఇదే కారులో వెళ్తుంటే ప్రతిసారీ చెప్పేవారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన్యం వీరులతో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే మొదటి దాడి చేశాడు. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు, తుపాకుల కోసం. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఇప్పుడు చింతపల్లి ఉన్నది ఆయన పేరు మీదే ఉన్న జిల్లాలో, ఆ జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది.

"ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు" అన్నాను. నాన్న నవ్వారు. ఆ నవ్వు కోసమే వచ్చాం అనుకున్నాను.

ఏడయింది. "ఇంక దిగుదామే" అంది అమ్మ. తాళం తిప్పాను.

అందరూ మెకానిక్కులే

స్టార్టర్ గిర్రున తిరిగింది. ఇంజన్ అందుకోలేదు. మళ్లీ తిప్పాను. ఒక్క క్షణం అందుకున్నట్టే అయి ఆగిపోయింది. మళ్లీ. మళ్లీ. డ్యాష్‌బోర్డులో కారు బొమ్మ, దాని మీద తాళం బొమ్మ ఉన్న లైటు టకటకా కొట్టుకుంటోంది.

మన దగ్గర రోడ్డు మీద బండి ఆగితే ఒక మేలుంది. ఎవరూ పిలవక్కర్లేదు, వైద్యులు వచ్చేస్తారు.

పక్క కారు కుర్రాళ్లు వచ్చారు. "బ్యాటరీ డౌన్ అయింది. చలికి అంతే. తోసేద్దాం" అన్నారు. తమ్ముడూ వాళ్లూ కలిసి రోడ్డు మీద ఇరవై అడుగులు తోశారు. నేను సెకండ్ గేరేసి క్లచ్ వదిలాను. కారు ఓ కుదుపు కుదిపి ఆగింది. ఇంకొంచెం తోస్తే ముందు దిగుడు ఉంది.

టీ బడ్డీ దగ్గర కూర్చున్న జీపు డ్రైవరు అప్పుడు గట్టిగా అరిచాడు. "ఏయ్, ఆపండెహే! దిగుట్లోకి తోస్తారేటి?"

వచ్చి నా కిటికీ దగ్గర వంగాడు. "అమ్మా, ఇంజన్ ఆగిపోతే స్టీరింగు రాయిలాగైపోద్ది. బ్రేకు ఒకటి రెండుసార్లు తొక్కేసరికి గట్టిపడిపోద్ది. ఘాట్లో ఈ పని ఎప్పుడూ చెయ్యకండి. ముందు లైట్లెయ్యండి చూద్దాం."

వేశాను. లైట్లు బాగా వెలిగాయి. హారన్ గట్టిగానే మోగింది.

"బ్యాటరీ కాదు" అన్నాడు. "స్టార్టరు గిరగిరా తిరుగుతుంది కదా. ఆ లైటు కొట్టుకుంటంది చూసేరా, అదీ గొడవ. దొంగల తాళం. మా జీపుకి ఇలాటియ్యేమీ ఉండవు, నాకు తెల్దు."

దొంగల తాళం! ఇమ్మొబిలైజర్‌కి ఇంతకంటే మంచి తెలుగు మాట నేను వినలేదు.

తర్వాత ఇంకొకాయన వచ్చి, రిమోట్‌లో సెల్ అయిపోయిందన్నాడు. నొక్కి చూశాం, డోర్లు బాగానే పడుతున్నాయి. ఇంకొకరు "డోర్లన్నీ లాక్ చేసి అన్‌లాక్ చెయ్యండి" అన్నారు. నాలుగుసార్లు చేశాం. ఒకమ్మాయి యూట్యూబ్‌లో చూద్దామంది. సిగ్నల్ లేదు. బడ్డీ వెనక బండరాయి మీద నిలబడితే ఒక గీత వచ్చింది. అక్కడి నుంచే రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేశాను. టోయింగ్ బండి రావడానికి నాలుగు గంటలు పట్టొచ్చన్నారు. ఆదివారం కాబట్టి సర్వీస్ సెంటర్ ఉండదు, సోమవారం చూస్తామన్నారు.

పిన్ని ద్వారా నర్సీపట్నంలో ఒక మెకానిక్ నంబరు దొరికింది. అంతా విని, "ఈసీయూ పోయినట్టుందండీ. కొత్తది వేసి ప్రోగ్రామింగ్ చెయ్యాలి. పద్దెనిమిది వేల దాకా అవుద్ది. లేదంటే వైర్లు కట్ చేసి బైపాస్ చేసిచ్చేస్తా" అన్నాడు.

ఎనిమిదయింది. కొనేవాయన మధ్యాహ్నం అనకాపల్లిలో ఇంకో కారు చూడ్డానికి వెళ్తానన్నాడు. మాది స్టార్టవ్వదని తెలిస్తే ఇటు రాడు. వచ్చినా పద్దెనిమిది వేలు తగ్గించమంటాడు. తమ్ముడు నా మొహం చూడకుండా, "అక్కా, ఫీజుకి నేను ఫ్రెండ్స్‌ని అడుగుతాలే" అన్నాడు. వాడి ఫ్రెండ్స్ ఎవరికీ అంత లేదని నాకు తెలుసు.

"రెం... రెండు"

కారు దగ్గరికి తిరిగొచ్చేసరికి అమ్మ కంగారుగా ఉంది. "మీ నాన్న ఏదో అంటున్నారే. నాకు తెలీట్లేదు."

నాన్న ఎడం చెయ్యి ఆడిస్తున్నారు. "రెం... రెం..."

"రెండు మాత్రలా? పొద్దుటివి వేశాం కదండీ" అంది అమ్మ.

తల అడ్డంగా ఊపారు.

"రెండుకి వెళ్లాలా?" అన్నాడు తమ్ముడు.

ఇంకా గట్టిగా ఊపారు. కోపం వచ్చింది.

"చలా నాన్నా? ఇంకో దుప్పటి కప్పనా? టీ తాగుతావా?" నేను.

నాన్న కళ్లు మూసుకున్నారు. ఇక ఊరుకుంటారు, ఎప్పట్లానే.

ఆ జీపు డ్రైవరు కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు. "మీరందరూ అడిగేత్తంటే పెద్దాయన ఎప్పుడు చెప్తాడమ్మా? కొంచేపు ఊరుకోండి" అన్నాడు.

ఏడాదిన్నరలో మాకెవరూ చెప్పని మాట. చెప్పారేమో, మేం వినలేదేమో.

ఊరుకున్నాం. నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. మంట చిటపటలు తప్ప ఏ శబ్దం లేదు. ఎంతసేపో తెలీదు. నాన్న కళ్లు తెరిచి, నన్ను చూడలేదు. స్టీరింగ్ కింద వేలాడుతున్న కీ రింగు వంక చూశారు. ఎడం చెయ్యి చాచి, దాన్ని పట్టుకోబోయారు. అందలేదు.

"రెండు... వద్దు. వే... వేరు."

అప్పుడు చూశాను. ఒక కీ ఇగ్నిషన్‌లో ఉంది. రెండో కీ దాని తలకి ఆనుకుని, వీపు వీపు కలిపినట్టు వేలాడుతోంది.

చలికి వేళ్లు మొద్దుబారిపోయాయి. రింగు ఊడదీయడానికి గోళ్లు చాల్లేదు. జీపాయన స్క్రూడ్రైవరు తెచ్చి విప్పాడు. రెండో కీని తమ్ముడికిచ్చి, "దూరంగా పో" అన్నాను. వాడు మంట దాకా వెళ్లిపోయాడు. నేను తాళం తీసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ పెట్టి ఆన్ దాకా మాత్రమే తిప్పాను.

తాళం బొమ్మ లైటు ఒకసారి వెలిగి, ఆరిపోయింది.

స్టార్ట్ చేశాను. ఒక్క దెబ్బకి అయింది.

ఆ కుర్రాళ్లు ఈలలు వేశారు. అమ్మ ఏడుస్తోంది. నాన్న మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, ఇందులో ఏముంది అన్నట్టు.

ఇంతకీ ఏమైంది?

కిందికి దిగాక చదివి తెలుసుకున్నది చెప్తాను. మీకెప్పుడైనా పనికొస్తుంది.

ఇప్పటి కార్ల తాళం ఉత్త ఇనప ముక్క కాదు. దాని ప్లాస్టిక్ తలలో బియ్యపు గింజంత చిప్ ఉంటుంది. తాళం పెట్టే రంధ్రం చుట్టూ సన్నటి తీగ చుట్ట ఉంటుంది. మీరు తాళం తిప్పగానే ఆ చుట్ట రేడియో తరంగం పంపిస్తుంది. ఆ శక్తితోనే చిప్ మేలుకుని తన కోడ్ చెప్తుంది. కారు కంప్యూటర్ ఆ కోడ్ తన లిస్టులో ఉందో లేదో చూస్తుంది. ఉంటే సరే. లేకపోతే పెట్రోలు వదలదు. కొన్ని కార్లలో స్టార్టరే తిరగదు, కొన్నింట్లో తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. అందుకే తోసినా లాభం లేదు.

ఆ చిప్‌కి సెల్ అక్కర్లేదు. రిమోట్‌లో ఉండే సెల్ డోర్ల కోసమే. రోడ్డు పక్కన కొట్టించిన డూప్లికేట్ తాళంతో డోరు తెరుచుకున్నా బండి కదలనిది కూడా ఇందుకే, దాంట్లో ఈ కోడ్ లేదు.

మరి రెండు తాళాలు ఒక్కచోట ఉంటే? క్లాసులో అటెండెన్స్ పిలిచినప్పుడు ఒకే నంబరుకి ఇద్దరు ఒక్కసారే "ప్రెజెంట్ సార్" అని అరిచినట్టు. మాస్టారికి ఏదీ వినపడదు. ఇద్దరూ క్లాసువాళ్లే, అయినా ఇద్దరికీ ఆబ్సెంటే. రెండో కీ కొంచెం పక్కకి జరిగి వేలాడితే పనిచేస్తుంది, ఆనుకుంటే చెయ్యదు. పిన్ని ఇంటి దగ్గర మొదటిసారి అవ్వకుండా రెండోసారి అయింది అందుకే. చలికి కాదు.

బ్రిటన్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు. కార్ల దొంగలకి అది పెద్ద దెబ్బ. మన బండిలో ఉన్నదీ ఆ జాతిదే. అది తన పని తాను సరిగ్గానే చేసింది. మమ్మల్ని దొంగలనుకుంది, అంతే.

ఇంకో సంగతి. గ్లోవ్ బాక్సులో పదమూడేళ్లుగా ఉన్న మాన్యువల్ తీసి చూస్తే, ఇమ్మొబిలైజర్ పేజీలో చిన్న అక్షరాలతో ఉంది: ఇంకో చిప్ ఉన్న తాళాన్ని దగ్గర ఉంచొద్దని. నాన్న రెండో కీని కళ్లజోడు డబ్బాలో విడిగా ఎందుకు పెట్టేవారో అప్పుడర్థమైంది. మేమెవరం ఎప్పుడూ అడగలేదు.

మీ బండి ఇలా మొరాయిస్తే

* స్టార్టర్ బలంగా తిరుగుతూ, తాళం బొమ్మ లైటు కొట్టుకుంటుంటే ముందు ఇమ్మొబిలైజర్‌నే అనుమానించండి. స్టార్టర్ నీరసంగా టిక్ టిక్ అంటే బ్యాటరీ చూడండి. బ్యాటరీ బాగా పడిపోయినా కంప్యూటర్ తాళాన్ని సరిగా చదవలేకపోవచ్చు.
* రింగులోంచి కారు తాళాన్ని విడదీయండి. ఇంకో కారు కీ, బైక్ చిప్ కీ, ఆఫీసు యాక్సెస్ కార్డు, లావుపాటి ఇనప కీచైన్ దూరంగా పెట్టండి.
* తాళం తీసి రెండు మూడు నిమిషాలు ఆగి, ఆన్ దాకా తిప్పి, లైటు ఆరిందో లేదో చూసి అప్పుడు స్టార్ట్ చెయ్యండి.
* అయినా కాకపోతే రెండో కీతో ప్రయత్నించండి. దాంతో అయితే తప్పు మొదటి కీలోని చిప్‌ది. రెండింటితోనూ కాకపోతే అప్పుడు మెకానిక్.
* బటన్ స్టార్ట్ కారైతే, రిమోట్ సెల్ అయిపోయినా చాలా మోడల్స్‌లో రిమోట్‌నే బటన్‌కి ఆనించి నొక్కితే స్టార్టవుతుంది. మీ మోడల్‌లో ఎక్కడ ఆనించాలో మాన్యువల్‌లో ఇప్పుడే చూసుకోండి, కొండ మీద కాదు.
* తాళమే తిరక్కపోతే అది స్టీరింగ్ లాక్. స్టీరింగ్‌ని అటూ ఇటూ మెల్లగా కదుపుతూ తాళం తిప్పండి.
* వైర్లు కట్ చేసి బైపాస్ చేస్తామంటే తొందరపడి సరే అనకండి. కారుకి ఉన్న ఒక్క కాపలా పోతుంది.

పదకొండు అయింది

జీపాయనకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "పెద్దాయన చెప్పేడు, నేను రింగు విప్పేను. దానికి డబ్బులేటి?" అన్నాడు. టీ డబ్బులు మాత్రం నన్ను ఇవ్వనిచ్చాడు.

ఘాట్ దిగుతున్నంతసేపూ ఎవరం మాట్లాడలేదు. కావాలనే. డౌనూరు దగ్గరికొచ్చాక నాన్న తనంతట తనే, మెల్లగా, ఒక మలుపు చూపించి "హా... హారన్" అన్నారు. కొట్టాను.

పదకొండుకి కొనేవాయన వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, బానెట్ ఎత్తాడు, ఓ రౌండు కొట్టుకొచ్చాడు. పొద్దున్న జరిగింది చెప్పాలా వద్దా అని అప్పటిదాకా నాలో నేను కొట్టుకుంటున్నాను. చెప్పేశాను. మొత్తం. ఆయన రెండు తాళాల్నీ చేతిలో పెట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించాడు. తర్వాత ఒకదాన్ని ఇగ్నిషన్‌లో పెట్టి, రెండోదాన్ని ఆనించి తానే పరీక్షించాడు. మొదటిసారి అయింది. రెండోసారి అవ్వలేదు. దాన్ని తీసేశాడు. అయింది. ఆయనకి నవ్వొచ్చింది.

"చెప్పకపోయుంటే వచ్చే వారం మిమ్మల్ని తిట్టుకునేవాణ్ణమ్మా" అన్నాడు. బేరం తగ్గించలేదు.

మొదటి కీ నేనిచ్చాను. రెండోది మాత్రం నాన్న ఇచ్చారు, ఎడం చేత్తో, తన చొక్కా జేబులోంచి తీసి. ఎడం చేత్తో ఇస్తున్నందుకు మొహమాటపడి ఏదో చెప్పబోయారు. మాట రాలేదు. కొనేవాయన రెండు చేతులూ పట్టి ఆగాడు. మేమూ ఆగాం.

"జా... గ్రత్త" అన్నారు నాన్న.

మధ్యాహ్నం బస్సులో విశాఖ వచ్చేశాం. సోమవారం తమ్ముడు ఫీజు కట్టి రసీదు ఫొటో పెట్టాడు. ఆ కళ్లజోడు డబ్బా ఇంకా బీరువాలోనే ఉంది, ఖాళీగా.

వెళ్లాలనుకుంటే

* విశాఖ నుంచి అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా లంబసింగి. సుమారు 120 కిలోమీటర్లు. నర్సీపట్నం దాకా బస్సులు బాగా ఉంటాయి. అక్కడి నుంచి చింతపల్లి బస్సు ఎక్కొచ్చు.
* నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. తెల్లారక ముందే చేరితేనే మంచు చూస్తారు. వారాంతాల్లో రద్దీ ఎక్కువ. కుదిరితే మామూలు రోజు వెళ్లండి.
* చెరువులవేనం, తాజంగి రిజర్వాయర్, కొత్తపల్లి జలపాతం కలిపి ఒక రోజులో చూసి రావచ్చు.
* సిగ్నల్ ప్రతిచోటా ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఘాట్‌లో మంచుంటే లో బీమ్ లైట్లతో నెమ్మదిగా వెళ్లండి.
* ప్లాస్టిక్ కప్పులు, కవర్లు తోటల్లో పారేయకండి. అక్కడ కాఫీ పండించుకునేవాళ్లకి అది ఇల్లు.
* ఇంట్లో పెద్దవాళ్లుంటే తీసుకెళ్లండి. దార్లో వాళ్లు ఏదైనా చెప్పబోతే, పూర్తయ్యేదాకా ఆగండి.